దేవుడికి ఓటు లేదు

“మౌంట్ హెబ్రోన్ చర్చిలో రాజకీయాలకు తావు లేదు! ఇది దేవుని మందిరం!”

పాస్టర్ వెల్డన్ టిడ్‌మోర్ బల్ల గుద్ది ప్రకటించాడు. అలబామా ఎండకు కునికిపాట్లు పడుతున్న జనం ఉలిక్కిపడి “ఆమెన్” అన్నారు. వెంటనే ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన అందుకున్నాడు.

“ప్రభువా! ముందు వరుసలో నీలం టై కట్టుకుని కూర్చున్న నీ దాసుడు రాయిస్ క్లింక్‌స్కేల్స్‌ను దీవించు. ఈ నెలాఖరు మంగళవారం కౌంటీ కమిషనర్ ఎన్నికలో నీ బిడ్డల చేతులను నడిపించు. ఆయన పేరు బ్యాలెట్‌లో రెండోది. నీకు తెలియనిదేముంది!”

ఆరాధన ముగియగానే చర్చి పెద్ద, లాయరు హోయ్ట్ పరుగున వచ్చాడు.

“కొంప ముంచావు కదయ్యా, వెల్డన్! చర్చి ఓట్లడిగితే పన్ను మినహాయింపు ఎగిరిపోతుంది!”

“ఎవరినడిగాను? దేవుణ్ణి అడిగాను. ఆయన ఓటరు కాదుగా!”

“జనం విన్నారుగా!”

“నేను దేవుడితో మాట్లాడుతుంటే మధ్యలో వాళ్లెందుకు వినాలి? అది వాళ్ల తప్పు!”

లాయరు తల పట్టుకుని వెళ్లిపోయాడు. చర్చిలో పియానో వాయించే మిస్ ఊయిడా పక్కనే పాటల పుస్తకాలు సర్దుతూ అంతా విన్నది, తల మాత్రం ఎత్తలేదు.

పాస్టర్‌ది చిన్న కోరికే. చర్చి కొత్త జిమ్ము సిద్ధంగా ఉంది. డ్రైనేజీ పైపు లేనిదే కౌంటీ దాని తాళం తియ్యనివ్వదు. ఉన్న ఒక్క పైపూ ఎటు వెళ్లాలో తేల్చేది కమిషనరు. మిస్ ఊయిడా ఉండే పీకన్ వీధి ఆ పైపు కోసం ఏళ్లుగా ముక్కు మూసుకుని ఎదురుచూస్తోంది.

బుధవారం ప్రార్థన కూటం. రాయిస్‌తోపాటు పీకన్ వీధి వాళ్లూ వచ్చారు. అక్కడ ఎవరి గుట్టయినా రట్టు చెయ్యవచ్చు. “వారి కోసం ప్రార్థిద్దాం” అంటే చాలు. అది చాడీ కాదు, మనసులోని ‘ప్రార్థన భారం’!

“నాకో భారముంది, బ్రదర్ వెల్డన్,” అంటూ మిస్ ఊయిడా లేచింది.

“మోకాళ్ల నొప్పులా, సిస్టర్? ప్రార్థించండి, ప్రార్థించండి!”

ఆమె కళ్లు మూసుకుంది.

“ప్రభువా, మా పాస్టరుగారి కోసం వేడుకుంటున్నాను. కిందటి వారం సోమవారం ఆయనా రాయిసూ చేపల హోటల్లో క్యాట్‌ఫిష్ తింటుండగా వెనక బల్ల దగ్గర నేనున్న సంగతి నీకు తెలుసు, వాళ్లకు తెలియదు. మా వీధికి రావలసిన పైపును జిమ్ముకు తిప్పుతానని రాయిస్ అన్నాడు. అందుకు బదులుగా ఆదివారాలు నీతో తన గురించి మాట్లాడమన్నాడు. మా పాస్టరుగారు సరేనన్నారు…”

పాస్టర్ గబుక్కున లేచాడు. ప్రార్థన మధ్యలో ఎవరినీ ఆపకూడదు. ఆపగల మాట ఒక్కటే ఉంది.

“ఆమెన్!” అని గావుకేక పెట్టాడు.

“చూశావా ప్రభువా, ఆయనే ఒప్పుకున్నారు!”

“ఆమెన్!” అంది పీకన్ వీధి మొత్తం.

రాయిస్ టై వదులు చేసుకుంటూ తలుపు వైపు జరిగాడు. పాస్టర్ బల్ల గుద్దాడు.

“సిస్టర్ ఊయిడా! దేవుని మందిరంలో రాజకీయాలా? ఎంతమంది వింటున్నారో చూశారా?”

మిస్ ఊయిడా కళ్లు తెరవలేదు.

“నేను దేవుడితో మాట్లాడుతున్నాను, బ్రదర్. మధ్యలో మీరెందుకు వింటున్నారు?”