కదలని బుద్ధుడు, కదిలే మామయ్య

“నేరస్థుడు ఎంత గడుసువాడైనా సరే, నా కన్ను పడిందంటే చిత్తే!” అని ప్రకటిస్తూ ప్రదర్శనశాలలో అడుగుపెట్టిన డేగకన్ను మామయ్య, గడప తగిలి బోర్లాపడబోయి నిలదొక్కుకున్నాడు. కళ్ళజోడు జేబులో ఉంది. డిటెక్టివులు కళ్ళజోడు పెట్టుకోరని ఆయన గట్టి నమ్మకం.

మేనకోడలికి నవ్వే ఓపిక లేదు. రెండేళ్ళు ఉద్యోగం మానుకుని మరీ తను చేసిన కళాఖండం ఆ హాల్లో ఉంది. గోడ మీద వెలుగుతో గీసిన బుద్ధుడు, ఆయన ముందు ముడుచుకున్న తామర. హాల్లో ఉన్నవాళ్ళెవరూ నిమిషంపాటు కదలకుండా ఉంటే పైనున్న కెమెరా కనిపెడుతుంది, తామర విచ్చుకుంటుంది. పదకొండింటికి జనం వస్తారు. నిన్న చక్కగా విచ్చుకుంది.

“ఒక్కసారి చూసుకుంటాను. కదలకండి మామయ్యా.”

“శిలనైపోయాననుకో!”

ఆమె కళ్ళు మూసుకుని కూర్చుంది. నిమిషమైంది, రెండు నిమిషాలైంది. తామర ఉలకలేదు, పలకలేదు.

“కుట్ర!” అన్నాడు మామయ్య.

బయట స్విచ్చుల గదిలో ఉన్న ఎలక్ట్రీషియన్‌ని నిలదీశాడు. “నిన్న రాత్రి ఎక్కడున్నావు?”

“ఇంట్లో నిద్రపోయానండీ.”

“సాక్షి?”

“మా ఆవిడండీ. గురకకి ఆవిడే సాక్షి.”

తీగలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆమె మళ్ళీ కూర్చుంది, మళ్ళీ కూర్చుంది. కళ్ళు మూసిన ప్రతిసారీ మామయ్య బూట్లు విప్పి, మేజోళ్ళతో పిల్లిలా తిరుగుతూ, వేలిముద్రల కోసం నేలంతా పౌడరు చల్లాడు.

పదకొండుకి మూడు నిమిషాలుందనగా ఆమె చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చేసింది. “రెండేళ్ళు, మామయ్యా. వాళ్ళకి ఏం చూపించను?”

మామయ్య ఎత్తి పెంచిన పిల్ల. ఆయన పక్కనే చతికిలబడి, జీవితంలో మొదటిసారి ఊరికే కూర్చున్నాడు.

ఆమె వెక్కిళ్ళు ఆగిన నిమిషానికి తామర విచ్చుకుంది.

ఆమె కదలకుండా వేళ్ళ సందుల్లోంచి తామరని చూసింది, ఆ తర్వాత నేలని చూసింది. పౌడరులో తన చుట్టూ గుండ్రంగా మేజోళ్ళ జాడలు.

“నేరస్థుడు దొరికాడు!” మామయ్య చెయ్యెత్తాడు. రేకులు ముడుచుకోసాగాయి. ఆమె ఆ చెయ్యి లాగి ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో ఆయన నోరు మూసింది. నిమిషంలో రేకులు మళ్ళీ విప్పారాయి.

తలుపులు తెరుచుకున్నాయి. గుమ్మంలోనే ఆగిపోయిన ఒక పెద్దావిడ తామరని, బుద్ధుణ్ణి, గుడ్లు మిటకరిస్తున్న మామయ్యనీ తేరిపార చూసింది.

“ఈయన కూడా ప్రదర్శనలో భాగమేనా అమ్మా?”

“అవునండీ,” అంది మేనకోడలు, చెయ్యి తియ్యకుండా. “అన్నిటికన్నా కష్టమైన భాగం.”