వంకల పెద్దమ్మ, నీళ్ల యాప్

ఏ యాప్‌నైనా జనం మీదికి వదిలే ముందు కొందరి మీద వదిలి చూడటం నాగరికత లక్షణం. ఆ కొందరూ బతికి బట్టకడితే మిగతావాళ్లకూ అందుతుంది.

కొళాయి నీళ్ల యాప్ పరీక్షకు ఊరి చివరి వీధి ఎంపికైంది. లోపాల స్వీకరణాధికారి పరీక్షకురాలిగా పెద్దమ్మను నియమించాడు. వీధంతా ఆమెను వంకల పెద్దమ్మ అంటుంది. (అనుభవం తప్పనిసరి అన్నారు. కోడలు కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆమెకు అది ఉంది.)

"నీళ్లు వచ్చాయి" అనే బటన్ పనిచేస్తోందో లేదో తెలియాలంటే నీళ్లు రావాలి. నిబంధనల్లో వేరే దారి లేదు. అందుకని ఏళ్ల తరబడి దగ్గడం తప్ప ఏమీ చేయని కొళాయి రోజూ పొద్దున్నే ధారగా పోసింది. పెద్దమ్మ బిందె చంకనెత్తుకుని మిట్ట మీది బోరింగు దాకా పోవడం మానేసింది. ఆమె మోకాళ్లు నమ్మలేకపోయాయి.

"అత్తయ్యా, పరీక్ష అయిపోతే ఎట్లా?" అంది కోడలు.

"అయిపోవడానికి నేను మెచ్చుకుంటేగా!"

ఆమె పని మొదలుపెట్టింది. యాప్ గంట మోత మేక తుమ్మినట్టుంది. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. కబురు నత్తలా వస్తోంది, వచ్చినా ఉన్నమాట సూటిగా చెప్పదు. అధికారి ప్రతి వంకకూ రసీదు ఇచ్చి (మేక తుమ్ముకు ప్రత్యేక కమిటీ వేశారు) సరిచేయించాడు. ఆమె ఇంకోటి తీసింది. ఆ నోటికి జడిసి దారి మార్చుకునే వీధి ఇప్పుడు దానికే దణ్ణం పెట్టింది.

ఒకరోజు అధికారి స్వయంగా వచ్చి ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు.

"మీరు చెప్పిన ప్రతి మాటా నిజమే పెద్దమ్మగారూ. అన్నీ మార్చాం. ఇప్పుడెలా ఉందో మీరే చెప్పాలి."

మీరు చెప్పింది నిజమేనని ఆ ఇంట్లో ఎవరూ ఏనాడూ ఆమెతో అనలేదు. వంటింటి గుమ్మంలోంచి కోడలు మెచ్చుకోవద్దని గరిటె ఊపుతూ సైగ చేస్తూనే ఉంది.

"ఏదో... బాగానే ఉందిలే నాయనా," అంది పెద్దమ్మ.

అధికారి అంతవరకే రాసుకుని లేచాడు.

యాప్ ఊరందరికీ విడుదలైంది. పరీక్ష ముగిసింది గనక ఇక నీళ్ల అవసరం లేదని తేల్చారు. మర్నాడు పొద్దున్నే అన్ని ఫోన్లలో ఒకేసారి గంట తీయగా మోగింది. పెద్ద పెద్ద అక్షరాల్లో, సూటిగా, క్షణం ఆలస్యం లేకుండా కబురు వచ్చింది: "ఈ రోజు నీళ్లు రావు."

పెద్దమ్మ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివింది. ఒక్క వంకా దొరకలేదు. బిందె చంకనెత్తుకుని మిట్ట ఎక్కింది.