అద్దాల మేస్త్రి ఆతపవిజయము

వినుడు, ముక్కు కారుచున్న మహాజనులారా, కారని అదృష్టవంతులారా! శీతకాలము నగరమును తడిగుడ్డవలె చుట్టియున్న సమయమున, ఒకానొక భవనపు మూడవ అంతస్తున, గాజుఫలకఖండనకళాధురంధరుండును, పగలెల్ల నేలమాళిగ దుకాణమున దీపపు వెలుగునకే పరిమితుండును, ఒక పడిశము గడప దాటకమున్నే మరియొక పడిశమునకు స్వాగతము పలుకు ఆతిథ్యశీలుండును అగు అద్దాల మేస్త్రి నివసించుచుండెను.

ఆ మహావీరునకు మనుమరాలు పుట్టెను. పుట్టి, తల్లితో కూడ ఆ యింటికే వచ్చి, పక్కగదిలోనే పరుండెను. అయినను తాత ఆమెను ఎత్తుకొని ఎరుగడు. ఏలయనగా దుర్గరక్షణదీక్షాపరాయణయైన కూతురు గుమ్మమున నిలిచి ఇట్లనెను:

“తుమ్ములు తగ్గేదాకా పాపను ఇవ్వను నాన్నా. ఏమీ అనుకోకు.”

“దూరం నుంచి చూస్తానమ్మా.”

“చూడు. అక్కడి నుంచే చూడు.”

మేస్త్రి మనసు చివుక్కుమనెను. నిలువెత్తు అద్దములను గీత పడకుండ మోసిన చేతులు, చేరెడంత పసికందును మోయుటకు పనికిరాకపోయెను.

మేస్త్రి రక్తపరీక్ష చూచిన డాక్టరమ్మ, “విటమిన్ డి బాగా తక్కువుంది. మాత్రలు వాడండి, రోజూ కాసేపు ఎండలో కూర్చోండి. పడిశానికి ఇదేం మంత్రం కాదు. కానీ ఎముకలకు కావాలి, లోటు తీరితే రోగాలకు ఎదురు నిలవడానికి ఒంటికి కాస్త సాయం. చేతులు కడుక్కోవడం మాత్రం మానకండి” అనెను.

అది విని మేస్త్రి మీసముల మాటున నవ్వుకొనెను. తన బాల్కనీకి తానే అద్దములు బిగించియుండెను గదా! నాటి నుండి మధ్యాహ్నభోజనమునకు ఇంటికి వచ్చినపుడెల్ల, చొక్కా చేతులు మడచి, మూసిన అద్దముల వెనుక, పడకకుర్చీ అను సింహాసనమున ఆసీనుడై, మాత్రలను మరచి తపస్సు సాగించెను.

“ఆ కిటికీ తీయరాదూ?” అనెను భార్య.

“చలిగాలి రాదూ? నేను బిగించిన అద్దం అది. వెలుగంతా వస్తుంది, గాలి పోచంత కూడా రాదు” అని పలికి, ఆ వాక్యము చివర తుమ్మెను.

తుమ్ములు తగ్గలేదు. పాప నవ్వ నేర్చెను. తాతకు ఆ నవ్వు గుమ్మము కడనుండియే దక్కెను. ఓర్వలేక అతడు మరల డాక్టరమ్మను దర్శించెను.

“మాత్రలు?”

“అప్పుడప్పుడూ.”

“ఎండ?”

“రోజూ అమ్మా. బాల్కనీలో, అద్దం వెనకాల.”

డాక్టరమ్మ కలము కింద పెట్టెను. “అద్దంలోంచి వెలుగొస్తుంది, వేడొస్తుంది. చర్మంలో విటమిన్ డి తయారుచేసే కిరణాన్ని మాత్రం అద్దం ఆపేస్తుంది.”

“నా అద్దం కూడానా?”

“ఎవరు బిగించినా అంతే మేస్త్రీ.”

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడందురు. ఆ పూజారిని తెచ్చి తన బాల్కనీలో కూర్చుండబెట్టినది తానే యని తెలిసి, అభిమానధనుడు తల వంచి ఇల్లు చేరెను.

ఇక యుద్ధము. చలికి వెరచి కిటికీరెక్క చుట్టు సిలికాను అను బంక పూసి మూసినది తానే. కావున చాకుధారియై, భార్య పట్టిన స్టూలు అను రథము నెక్కి, ఆ ధీరుడు కిటికీనుద్దేశించి గర్జించెను:

“ఓ కిటికీ! గాలివానకు వణకని నిన్ను నిలబెట్టినవాణ్ణి నేనే. కానీ నాకూ నా మనవరాలికీ మధ్య నిలబడ్డావో, నా పనితనమని కూడా చూడను.”

“దాంతో మాటలెందుకు, ఆ మూల కూడా కోయండి” అనెను సారథి.

కోసెను. లాగెను. నెట్టెను. చెమటోడ్చెను. కిటికీ కదలదాయెను. తన పని ఇంత గట్టిదా యని గర్వము, ఇంత గట్టిగా ఏల చేసితినను ఏడ్పు అతనికి ఒక్కసారే వచ్చినవి. తుదకు కిర్రుమను ఆర్తనాదముతో ఆ రెక్క జానెడు జరిగెను. జానెడు ఎండ వచ్చి అతని మోచేతిపై వాలెను. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్న పెద్దలు, ఇంటి కిటికీని గెలుచుట ఎంత కష్టమో చెప్పకపోయిరి.

నాటి నుండి మాత్రలు తప్పలేదు, ఎండ తప్పలేదు, చేతులకు సబ్బు తప్పలేదు. శీతకాలము పలుచబడెను, తుమ్ములును పలుచబడెను. కీర్తి వీనిలో దేనిదో వైద్యులు తేల్చుకొందురు గాక; నేను మాత్రము మేస్త్రి పక్షమే.

ఒక మధ్యాహ్నము కూతురు పాపతో బాల్కనీకి వచ్చెను.

“కిటికీ మూసెయ్ నాన్నా, పాపకు చలి.”

అంత పోరి తెరచిన కిటికీని ఆ వీరుడు తటాలున మూసెను. చేతులు కడుగుకొని వచ్చి చాచెను. పాప ఆ చేతులలో ఒదిగెను. ఊపిరి బిగపట్టి అతడు ఆ ముఖమును దగ్గరగా చూచెను. అతనికి కన్నులు చెమర్చెను. అంతలో వినవచ్చెను తుమ్ము.

భార్యయు కూతురును ఒక్కమారే అతనివంక చూచిరి.

“నేను కాదు,” అనెను మేస్త్రి, కదలక. “పాప.”

ఇట్లు జానెడు కిటికీని జయించి, చేరెడు సామ్రాజ్యమునకు అద్దాల మేస్త్రి పట్టాభిషిక్తుడాయెను. కొంతసేపటికి కూతురు చేతులు చాచి, “పాలవేళైంది, ఇటివ్వు నాన్నా” అనెను.

“ఇవ్వను,” అనెను విజేత. “ఏమీ అనుకోకు.”