ఎనిమిదిన్నర వాన

ఆదివారం ఉదయం మొగుడి ఫోనులోంచి రైతు ఓబిలేష్ పెట్టిన కేక వంటింట్లో ఉన్న హేమావతి చెవికి "మా బావొచ్చినాడన్నా!" అని వినబడింది. బావ అంటే చుట్టం, చుట్టమంటే టిఫినుకు ఉగ్గాని, ఉగ్గాని అంటే నానబెట్టిన బొరుగులు. ఆమె పదిమందికి సరిపడా బొరుగులు నీళ్లలో పోసేసింది. ఓబిలేష్ అన్నది "మబ్బొచ్చినాదన్నా!" అని. మొగుడు పుల్లన్న చొక్కా గుండీలైనా పెట్టుకోకుండా బైకు తాళం వెదుక్కోవడం చూశాక గానీ ఆమెకు సంగతి అర్థం కాలేదు.

పుల్లన్న రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుడతాడు. చేతులు మిషను మీద ఉన్నా, చూపు మాత్రం ఆకాశానికి కుట్టేసి ఉంటుంది. ఎక్కడ మబ్బు కనబడితే అక్కడికి బైకేసుకుని పోయి, ఫోనులో తీసి 'మబ్బుల వేట' అనే వాట్సాప్ గ్రూపులో పెడతాడు. అందులో ఆరువందల మంది రైతులున్నారు. పెళ్లాం మాత్రం లేదు. ఆమెది సర్కారు పక్షం. తమ ఊరు బెళుగుప్పలో మండలాఫీసు ఆవరణలోని వానగిన్నెను రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చూసి జిల్లాకు లెక్క చెప్పేది ఆమే. వానను ఆమె మిల్లీమీటర్లలో కొలుస్తుంది, ఆయన కిలోమీటర్లలో కొలుస్తాడు. కాపురంలో తేడా అంతే.

"యాడికయ్యా? 'అక్కడక్కడా తేలికపాటి జల్లులు' అని పైనుంచి చెప్పినారు గదా. నువ్వు పోయి చేసేదేముండాది?"

"అక్కడ అంటే యాడ? మళ్లా అక్కడా అంటే యాడ? రైతు చెనిక్కాయ విత్తనం ముందర పెట్టుకోని కూసోనుండాడు మే! వానికి అడ్రస్సు కావల్ల. నేను చెప్తాండా విను. ఈ పొద్దు మనూర్లోనే వాన."

"అట్లనా? రేపు ఎనిమిదిన్నర లోపల నా గిన్నెలో చుక్క పడకుంటే బండి తాళం నాది. మబ్బుల ఎంబడి తిరిగేది బంద్."

"పడితే?"

"పడితే నీ గ్రూపులో నేనూ చేరతా."

పుల్లన్నకు ఒళ్లు పులకరించింది. ఆరువందల మంది కొట్టే చప్పట్లు ఒక ఎత్తు, ఈమె 'ఊ' అనడం ఒక ఎత్తు. మూడేళ్లుగా ఆ ఒక్క 'ఊ' కోసమే ఊరూరా తిరుగుతున్నాడు.

కానీ ఆ మబ్బు మహా గడుసుది. రాయదుర్గం రోడ్డెక్కితే కుడికి జరిగింది, కుడికి తిరిగితే గుట్ట చాటుకు పోయింది. సాయంత్రానికి పుల్లన్న తిరిగొచ్చాడు. చొక్కా తడిసింది గానీ అది చెమట. ఆఖరి ఆశతో మండలాఫీసు ప్రహరీ మీద ఫోనును పడమటికి తిప్పి ఆనించి, రికార్డు నొక్కి టీకి పోయాడు. ఊరి ఆడవాళ్లేమో వాన కోసం రోకలికి వేపమండల్లో కప్పను కట్టి, కప్పతల్లి అని పలక డప్పు కొట్టించుకుంటూ ఇంటింటా నీళ్లు పోయించుకుంటున్నారు. ఆ రోజు బెళుగుప్పలో తడిసినవి రెండే: బొరుగులు, కప్ప. వీడియో తెరిచి చూడటానికైనా, గ్రూపులో పెట్టడానికైనా పుల్లన్నకు మొహం చెల్లలేదు.

సోమవారం ఎనిమిదిన్నర. హేమావతి కాలిదుమ్ము గిన్నెలో పడకూడదని చెప్పులు కంచె బయట విడిచి, లోపలికి వెళ్లి వంగి, గిన్నె లోపలి సీసాలోని నీళ్లు కొలగ్లాసులో వంచి పైకెత్తింది. కంచె ఇవతలి నుంచే పుల్లన్న చదివేశాడు.

"నలభై రెండు!"

"ఉండయ్యా, నేల సూస్తే పొడిగా ఉండాది..."

ఆమె మాట పూర్తయ్యేలోగా గ్రూపుకు కబురు పోయింది: 'బెళుగుప్పలో 42 మిల్లీమీటర్లు. సర్కారు గిన్నే సాక్షి!'

అరగంటలో ఓబిలేష్ ట్రాక్టరుకు విత్తనాల గొర్రు తగిలించుకుని వచ్చాడు. వెనకే పక్క చేని ఈశ్వరప్ప, ఇంకో ఇరవైమంది.

"అన్నా, నా చేన్లో దుమ్ము లేస్తాండాది. ఈ నలభై రెండూ యాడ పడిన్యాయి?"

"నీ చేన్లో పడిందనే గదప్పా నేను కడుపుమంటతో పరిగెత్తొచ్చింది!" అన్నాడు ఈశ్వరప్ప.

ఇంతలో గ్రూపు కబురు అక్కడికీ చేరి, జిల్లా ఆఫీసు పెద్దాయన నుంచి ఫోను. హేమావతి స్పీకరు నొక్కింది.

"చుట్టూ అన్ని మండలాల్లో సున్నా. మీ ఒక్క గిన్నెలో నలభై రెండా? మీ ఆయన మబ్బుల మనిషంట కదమ్మా! నీళ్లు ఎవరు పోశారో ఇప్పుడే తేల్చి చెప్పండి. లేదంటే మెమో తప్పదు."

పద్నాలుగేళ్లుగా సున్నాను సున్నాగానే రాసిన చెయ్యి లెక్కల పుస్తకం మూసింది. ఆమె మొగుడి వైపు చూసింది. "నువ్వేనా?"

"నేనెందుకు పోస్తా మే? పోసేటోణ్ణయితే రెండు చుక్కలు పోసి గెలుస్తా గానీ, ఊరు మునిగేట్ల పోస్తానా!"

నిన్నటి మబ్బునైనా సాక్ష్యం చూపిద్దామని పుల్లన్న ఫోను తీశాడు. వీడియోలో మబ్బు లేదు. కానీ అడుగున, కంచె పక్కన, కప్పతల్లి గుంపు ముందు నడిచే మారెక్క చెంబు వంచుతోంది. వంచింది వానగిన్నెలోకే.

చూపిస్తే తాళం పోతుంది, పరువూ పోతుంది. దాస్తే పెళ్లానికి మెమో. పుల్లన్న కుట్టుపనివాడు. తప్పు కుట్టు పడితే మొహమాటం లేకుండా విప్పేయాలని తెలిసినవాడు. వీడియోను అందరికీ చూపించి, గ్రూపులోనూ పెట్టేశాడు.

ఫోను పెట్టకుండానే మారెక్కను పిలిపించారు. ఆమె నడుము మీద చేతులు పెట్టుకుంది.

"నేనే పోసినా. అయితే ఏమప్పా? కప్పతల్లి వస్తే ప్రతి గడపోళ్లూ నీళ్లు పొయ్యల్ల. ఆదివారం ఆఫీసుకు బీగం. గవర్మెంటు తరపున ఎవురు పోస్తారు? ఈ హేమక్క దినామూ చెప్పులిడిసి, ఆ గిన్నెకు దండం పెట్టి, తీర్థం పైకెత్తి సూసి, ఏమీ లేదని మొగం వాడ్చుకోని పోతాది. మూడు నెల్లుగా సూస్తాండా. దేవుని గిన్నె ఎండిపోయి ఉంటే వానెట్ల వస్తాది? పాపమని చెంబుడు పోసినా."

ఫోనులో పెద్దాయన నవ్వు ఆపుకుంటున్న గొంతు: "సున్నా అని రాసుకోండమ్మా. ఆ గిన్నెకు దండం పెట్టొద్దని... అదే, పెట్టడం లేదని అందరికీ చెప్పండి."

పుల్లన్న బైకు తాళం తీసి హేమావతి అరచేతిలో పెట్టాడు. సరిగ్గా అప్పుడే పడమటి దిక్కున ఉరిమింది. నిన్నంతా దాక్కున్న మబ్బు మండలాఫీసు నెత్తిన చేరి, మామిడికాయలంత చినుకులతో విరుచుకుపడింది. రైతులు తడుస్తూనే కేకలు పెట్టారు. మారెక్క చెంబు తల మీద బోర్లించుకుని అందరి వైపూ గర్వంగా చూసింది.

పుల్లన్న చెయ్యి చాపాడు. "తాళం ఇయ్యి మే. పడింది గదా!"

హేమావతి సీసా వట్టిదేనని చూసుకుని గిన్నెలో సర్దింది. "తొమ్మిదిన్నర అయింది. ఎనిమిదిన్నర దాటినాక పడేది రేపటి లెక్క."

తాళాన్ని కొంగున ముడేసుకుని, మొగుడికి కనబడకుండా గోడవైపు తిరిగి ఫోను తీసింది. పుల్లన్న జేబులో టింగుమంది. గ్రూపులో ఆరువందల ఒకటో మనిషి చేరి, మొదటి కబురు పంపింది:

'బెళుగుప్పలో వాన పడుతున్నట్టు ఉన్నది. అవునో కాదో రేపు ఎనిమిదిన్నరకు.'