ఎడమ తలుపు మీది సొట్ట

మనిషి చక్రం కనిపెట్టిన రోజునే, దాన్ని తనిఖీ చేయవలసిన అధికారి కూడా కుర్చీ కోసం దరఖాస్తు పెట్టుకుని ఉంటాడని నా గట్టి నమ్మకం. చక్రం సరిగ్గా దొర్లడానికి కొన్నేళ్ళు పట్టి ఉండొచ్చు. కుర్చీ మాత్రం ఆ వారంలోనే మంజూరై ఉంటుంది.

ఈ నమ్మకం నాకు పుస్తకాలు చదివి రాలేదు. అరచేతిలో పట్టే ఒక కారు వల్ల వచ్చింది.

నాకు ప్లాస్టిక్ కార్ల పిచ్చి ఉంది. అవి పెట్టెలో విడివిడి ముక్కలుగా వస్తాయి. కత్తిరించి, గీకి, అతికించి, రంగు వేసి, అసలు కారులో ఇరవైనాలుగో వంతు ఉండే బుల్లి కారు తయారు చెయ్యాలి. అతికించడం ఎవరైనా చేస్తారు. అసలు పని ఆ తర్వాతే ఉంటుంది. (అసలు పనులన్నీ ఎగ్గొట్టాక ఇది మొదలవుతుందని మా ఆవిడ అంటుంది.) పల్చగా ఆరు పూతల రంగు, పూతకీ పూతకీ మధ్య తడి గరుకు కాగితంతో రుద్దుడు, తలుపుల సందుల్లోకి టూత్‌పిక్‌తో నల్ల రంగు నీళ్ళు, బంపరుకి వెండి రేకు. ఇంత చేశాక పైన ఒక్క దుమ్ము కణం వాలితే మొదటికొస్తుంది. మా ఇంట్లో ఫ్యాను వెయ్యాలంటే నన్నడిగి వెయ్యాలి.

ఇంతవరకూ నేను చేసినవన్నీ ఒక ఎత్తు, ఈసారి చేసింది ఒక ఎత్తు. మా నాన్న ముప్పై ఒక్క ఏళ్ళు టాక్సీ నడిపాడు, ఒకటే బండి. పదకొండేళ్ళ క్రితం అది తుక్కు కింద పోయింది. దాన్ని యంత్రంలో పెట్టి నలిపేస్తుంటే నాన్న అక్కడే నిలబడి చూశాడు, ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఈమధ్యే ఒక ఆదివారం ఆయనకి డెబ్బై అయిదు నిండాయి. ఆ రోజు ఆ బండిని మళ్ళీ ఆయన చేతిలో పెట్టాలని నా కోరిక.

కొత్త కారులా మెరిపిస్తే అది నాన్న బండి కాదు కదా. అందుకని నంబరు పలక మీద నాన్న బండి నంబరే రాశాను. ఎడమ వైపర్ పెట్టలేదు, అసలు దానికి ఎప్పుడూ లేదు. చక్రాల పైన ఇటుక రంగు సుద్దపొడి అద్ది తుప్పు పట్టించాను. డ్రైవరు సీటు చిరుగులోంచి ఆవగింజంత స్పాంజి బయటికి లాగాను. అన్నిటికంటే ముఖ్యం, ఎడమ తలుపు మీది సొట్ట. బండి కొన్న ఏడాదే, అమ్మకి నొప్పులొస్తుంటే నాన్న కంగారుగా ఆసుపత్రి గేటు తిరగబోయి స్తంభానికి గుద్దేశాడు. పావుగంటకి నేను పుట్టాను. "ఆ సొట్ట తీయిస్తే వీడి పుట్టినరోజు మర్చిపోతాను" అని నాన్న దాన్ని చివరిదాకా అలాగే ఉంచాడు. అప్పట్నుంచీ ఇంట్లో నా పేరు సొట్ట.

ప్లాస్టిక్ మీద సొట్ట పెట్టడం అంత తేలిక కాదు. తలుపుని లోపలి నుంచి బ్లేడుతో గీకి పల్చన చెయ్యాలి. స్పూను వీపుని కొవ్వొత్తి మీద వేడి చేసి, ఊపిరి బిగబట్టి, ఒక్కసారి ఒత్తాలి. పాత కార్ల తలుపులు నాలుగు కరిగించి నేర్చుకున్నాక నా సొట్ట నాకు కుదిరింది. ఆ సంతోషంలో ఫోటో తీసి, ఈ పిచ్చి ఉన్నవాళ్ళ ఫోన్ గ్రూపులో పెట్టాను. ముప్పై మందికి నచ్చింది. ముప్పై ఒకటోసారి నచ్చింది రవాణా శాఖకి.

మర్నాడే నోటీసు వచ్చింది. తుక్కుగా నమోదైన మీ వాహనం మీ అలమరాలో నిలబడి ఉండగా చూడబడినది, కావున ఏడు రోజుల్లో అర్హత పత్రం పొందనిచో మరల తుక్కు చేయబడును అని దాని సారాంశం.

ఇక్కడ పాఠకులకి ఒక విషయం చెప్పాలి. నాలుగు చక్రాలు, తలుపులు, నంబరు పలక ఉన్న ప్రతిదీ వాహనమేనని నియమం రాసిన పెద్దమనిషి అది ఎంత పెద్దదిగా ఉండాలో రాయడం మర్చిపోయాడు. పొరపాటు జరిగిందని ఒప్పుకోవడం ఆ శాఖలో ఆనవాయితీ లేదు. అందుకని పొరపాటు కోసం కొత్తగా ఒక విభాగం పెట్టారు. దాని పేరు సూక్ష్మ వాహనాల విభాగం. అందులో స్థూలంగా పదిహేడు మంది ఉద్యోగులున్నారు.

దరఖాస్తు యాప్‌లోనే పెట్టాలి. యజమాని వాహనం పక్కన నిలబడిన ఫోటో కావాలంది, ఇద్దరూ పూర్తిగా కనబడాలట. మొదటి ఫోటోలో నేను పూర్తిగా ఉన్నాను, కారు నా చెప్పు పక్కన చీమలా ఉంది. "వాహనం లేదు" అని తిప్పికొట్టింది. రెండో ఫోటోలో కారు బ్రహ్మాండంగా ఉంది, నేను మోకాలి వరకే ఉన్నాను. "యజమాని అసంపూర్ణం" అంది. మూడోసారి నేలమీద పడుకుని, కాళ్ళు ముడుచుకుని, కారు పక్కన తల పెట్టాను. మా ఆవిడ మంచమెక్కి తీసింది. యాప్ ఒప్పుకుంది, కాకపోతే కింద ఒక వాక్యం చేర్చింది: "యజమాని ఈ వాహనం కిందే పడినట్లు అనుమానం."

బుధవారం నేనూ మా ఆవిడా ఆఫీసుకి వెళ్ళాం. నేను కారుని చెప్పుల పెట్టెలో దూది పరిచి తీసుకెళ్ళాను. గేటు దగ్గర కాపలా మనిషి ఆపాడు.

"లోపలికి బళ్ళు రానివ్వరండి. బయట పార్కింగ్‌లో పెట్టి రండి."

"ఇది నా చేతిలో ఉంది కదండీ?"

"చేతిలో పెట్టమని ఎవరన్నా చెప్పారా? గీతల్లో పెట్టండి."

గీతల్లోనే పెట్టాను. రెండు లారీల మధ్య, ఒక లారీ పట్టేంత చోటులో, నా మూడు నెలల కష్టం ఒంటరిగా నిలబడింది. మా ఆవిడ గొడుగు తెరిచి పక్కనే కాపలా నిలబడింది. "ఈ చోట్లో పట్టే కారు ఎప్పటికైనా కొంటారా?" అని మాత్రం అడిగింది. నేను లోపల వరసలో ఉండగా వెనక నుంచి ఒక జీపు వచ్చి, ఇక్కడ ఖాళీగానే ఉంది కదమ్మా అని హారన్ కొడితే, లేదు, బండి ఉంది అని ఆవిడ ఎంతో గౌరవంగా కిందికి చూపించిందట.

మూడు గంటల తర్వాత తనిఖీ అధికారి బయటికొచ్చారు. ఆయన చేతిలో అసలు కార్లకి వాడే టార్చి, సుత్తి ఉన్నాయి. సుత్తి చూడగానే నేను కారుకి అడ్డంగా నిలబడ్డాను.

"హారన్," అన్నారు.

కారుకి హారన్ లేదు. గత్యంతరం లేక నేనే "పీం" అన్నాను.

"ఇరవైనాలుగో వంతు వాహనానికి ఇంత మోతా?"

రెండోసారి దోమలా అన్నాను. ఆయన టిక్కు పెట్టుకున్నారు.

"పొగ రాలేదేం?"

"ఇంజను తిరగదండి."

"పొగ రాలేదంటే కాలుష్యం లేదు, సంతోషం. ఇంజను తిరగదంటే వాహనం చెడిపోయింది, విచారం." రెండూ రెండు గడుల్లో రాసుకున్నారు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, టార్చి వేసి, ఎడమ వైపు చాలాసేపు చూశారు. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త గర్వంగానే అనిపించింది. నా పనితనాన్ని అంత శ్రద్ధగా చూసినవాళ్ళు మా గ్రూపులో కూడా లేరు.

"సొట్ట ఉంది," అన్నారాయన.

"ఉందండి. నేనే పెట్టాను."

"ప్రమాదంలో పడిందా?"

"లేదండి, కావాలనే పెట్టాను. స్పూనుతో."

ఆయన కలం ఆగిపోయింది. "కావాలని పెట్టారా? ముప్పై ఏళ్ళ సర్వీసులో ప్రమాదాలు చూశాను, మోసాలు చూశాను. బుద్ధిపూర్వకంగా సొట్ట పెట్టుకుని తనిఖీకి తెచ్చినవాణ్ణి మిమ్మల్నే చూస్తున్నా."

మా నాన్న కథంతా చెప్పాను. ఆసుపత్రి గేటు, స్తంభం, నేను పుట్టడం, అంతా. ఆయన మనసున్న మనిషే, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకుని రాశారు: సొట్ట, తుప్పు, వైపర్ లోపం, సీటు చిరుగు. అనర్హం. శనివారం లోగా సరిచేయించి తేవలెను, లేనిచో యంత్రానికి.

అదే యంత్రమట. వెనక ఆవరణలో ఉంది, పదకొండేళ్ళుగా బాగా పనిచేస్తోందని ఆయన మెచ్చుకున్నారు కూడా.

ఇంక చేసేదేముంది? గురు, శుక్రవారాలు సెలవు పెట్టి నా కారుని బాగుచేశాను. సొట్టలో పుట్టీ నింపాను, ఆరాక రుద్దాను, మళ్ళీ నింపాను, మళ్ళీ రుద్దాను. తుప్పు తుడిచేశాను. వైపర్ పెట్టాను. పైన మెరుపు పూత కొట్టేసరికి కారులో నా మొహం కనబడింది, చూడబుద్ధి కాలేదు. నా జీవితంలో అంత నున్నటి తలుపు నేనెప్పుడూ చెయ్యలేదు, అంత ఏడుపూ ఎప్పుడూ రాలేదు. శనివారం అధికారి చెయ్యి కలిపి, అర్హత పత్రంతో పాటు అద్దానికి అంటించమని ఒక స్టికరు ఇచ్చారు. అది కారు కంటే పెద్దది. అంటిస్తే చట్టం కనబడుతుంది, కారు కనబడదు. అందుకని అలమరా అద్దానికి అంటించాను.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలకి ముందు కారుని నాన్న చేతిలో పెట్టాను. ఆయన దాన్ని కిటికీ వెలుతురులో పెట్టి తిప్పి తిప్పి చూశాడు.

"బావుందిరా. ఎవరిదీ బండి?"

"మనదే నాన్నా. నంబరు చూడు."

భూతద్దం తెప్పించుకుని నంబరు చదివాడు, పెదవులు కదుపుతూ. ఆయన బొటనవేలు అలవాటుగా ఎడమ తలుపు మీదికి వెళ్ళింది. అటు జరిగింది, ఇటు జరిగింది, ఎక్కడా ఆగలేదు.

"మన బండే సరే. ఇందులో నువ్వెక్కడరా?"

మా ఆవిడే జరిగిందంతా చెప్పింది. నాన్న విని, భూతద్దం పక్కన పెట్టాడు.

"అదే ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఆ సొట్టతోనే పత్రం ఇప్పించుకున్నానమ్మా. ఒక్కడూ కుర్చీలోంచి లేచి చూడలేదు." తర్వాత నా వైపు తిరిగాడు. "ఒరేయ్ సొట్టా, స్పూనేదిరా?"

నేను కొవ్వొత్తి వెలిగించాను. ఆయన చేతులు ఈమధ్య వణుకుతున్నాయి. నేను ఒత్తుతానంటే వినలేదు, "అప్పుడు గుద్దింది నేనే కదా" అన్నాడు. వేడి స్పూను తీసుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కసారి ఒత్తాడు. పుట్టీ పెచ్చు లేచింది. సొట్ట అసలుదానికంటే బాగా పెద్దదైంది, తలుపు అంచు కూడా కరిగింది. నేను పళ్ళు కరుచుకున్నాను.

"పోన్లే," అన్నాడు నాన్న, బొటనవేలు అందులో పెట్టి. "నువ్వు కూడా అప్పటికంటే పెరిగావుగా."

మూడు నెలల పని మీద మచ్చ పడ్డందుకు అంత ఆనందించిన కళాకారుణ్ణి నేనే అయ్యుంటాను. నాన్న రెండోసారి కూర కలుపుకున్నాడు. ఎడం చేత్తో కారు పట్టుకునే తిన్నాడు. మా ఆవిడ అది ఫోటో తీసి బంధువుల గ్రూపులో పెట్టింది. పద్నాలుగు మందికి నచ్చింది. పదిహేనోవారు ఎవరో మీకు చెప్పక్కర్లేదు.

ఈసారి నోటీసు నాన్న పేరు మీద వచ్చింది. పదకొండేళ్ళ క్రితం గడువు తీరిన లైసెన్సుతో వాహనానికి ప్రమాదం కలిగించారట. ప్రమాదం జరిగిన ఇరవైనాలుగు గంటల్లో తెలపాలి, ఇది ఇరవైనాలుగో వంతు వాహనం కాబట్టి ఒక గంటలో తెలపాలి, తెలపకుండా ఘటనాస్థలం నుంచి భోజనాల బల్ల దగ్గరికి పారిపోయారట. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన మీద ఒక్క కేసు లేదు. బాధపడతాడేమోనని నేను భయపడ్డాను. ఆయన మాత్రం నోటీసు రెండుసార్లు చదివి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. "మొత్తానికి బండి నడిపానని ఒప్పుకున్నారు కదరా" అన్నాడు.

నోటీసుతో పాటు సంజాయిషీ ఫారం కూడా ఉంది. "ప్రమాదానికి కారణం" అన్న గడిలో నాన్న తన గుండ్రటి అక్షరాలతో, ఎవరినీ సలహా అడక్కుండా, రెండు ముక్కలు రాశాడు: "కొడుకు పుట్టాడు."

వారంలో జవాబు వచ్చింది. అంత మర్యాదగల ఉత్తరం ఆ శాఖ నుంచి నేనెప్పుడూ చూడలేదు. మీ సంజాయిషీ పరిశీలించి కారణం సమంజసమని భావించడమైనది, కేసు మూసివేయడమైనది అని రాశారు. కింద ఒక్క షరతు మాత్రం ఉంది.

"సదరు కొడుకును వచ్చే బుధవారం తనిఖీకి హాజరుపరచవలెను. సొట్టలు ఉన్నచో ముందుగా సరిచేయించి తేవలెను."