ముప్పై ఒకటో నిబంధన

ఎవరేమన్నా సరే, కృత్రిమ మేధ మా బడికి చేసినంత మేలు ఇంతవరకూ ఏ ఇన్‌స్పెక్టరూ చేయలేదు. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. ఇరవై రెండేళ్లుగా ఎనిమిది నుంచి పదో తరగతి దాకా భాష చెబుతున్నవాణ్ణి. పైగా విద్యార్థుల ఏఐ వాడకం మీద నిబంధనలు రాసిన కమిటీకి కన్వీనర్ని. నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది?

మీరే ఆలోచించండి. ఏఐ రాకముందు మా స్టాఫ్ రూమ్‌లో ఎవరి లోకం వాళ్లది. సైన్సు మేడమ్ లెక్కల సారుతో మాట్లాడి నాలుగేళ్లయింది. కారణం ఫ్యాను. ఆవిడకు మూడు మీద తిరగాలి, ఆయనకు ఒకటి మీద తిరగాలి. అలాంటి ఇద్దరూ ఇప్పుడు ఒకే బల్ల దగ్గర, ఒకే బిస్కెట్ ప్యాకెట్ ముందు కూర్చుని, పిల్లల్ని ఎలా పట్టుకోవాలా అని తల తలా ఆనించి ఆలోచిస్తున్నారు. ఫ్యాను రెండు మీద తిరుగుతోంది. ఇది మేలు కాదా?

ప్రిన్సిపాల్ మేడమ్ అడిగింది ఒక్క పేజీ. మెట్ల దగ్గర గోడకు తగిలించడానికి. మేం ఐదు శనివారాలు కూర్చునేసరికి అది నలభై ఒక్క నిబంధనలతో పదకొండు పేజీలైంది. అన్నీ తగిలించాలంటే పిల్లలు మెట్లెక్కుతూ చదవడం మొదలుపెట్టి రెండో అంతస్తులో ముగించాలి. అలాగే తగిలించాం.

మచ్చుకు కొన్ని చెబుతాను. నాలుగో నిబంధన: విద్యార్థి యంత్రాన్ని ప్రశ్న అడగవచ్చు, జవాబు మాత్రం చూడకూడదు. ఇది సైన్సు మేడమ్ ప్రతిపాదన. తొమ్మిదో నిబంధన: యంత్రం చెప్పింది తప్పయితే ఆ తప్పు విద్యార్థిది, ఒప్పయితే ఆ ఒప్పు యంత్రానిది. ఇది లెక్కల సారుది. ఆయన దేన్నయినా రెండు వైపులా సరిచూసిగానీ ఒప్పుకోరు.

పద్నాలుగోది ఆటల సారుది. ఏఐ అంటే ఏమిటో ఆయనకు మూడో శనివారం దాకా అంతుబట్టలేదు. అంతుబట్టాక మాత్రం ఒకే ఒక్క మాట అన్నారు. "దొరికినవాణ్ణి గ్రౌండు చుట్టూ పది రౌండ్లు పరిగెత్తించండి సార్. వాడి బదులు యంత్రం పరిగెత్తుతుందేమో చూద్దాం." వాదనలో బలం ఉంది కాబట్టి చేర్చాం.

ముందుమాట మాత్రం యంత్రం చేతే రాయించాం. పరీక్షల సీజన్లో మాకు తీరిక ఎక్కడ ఏడ్చింది? సొంతంగా ఆలోచించడం ఎంత గొప్పదో అది చాలా చక్కగా రాసింది. చదివి మా ఆటల సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఆ తర్వాత కనిపెట్టే సాఫ్ట్‌వేర్ వచ్చింది. పిల్లలు రాసిన పేజీని ఫొటో తీసి అందులో పడేస్తే చాలు, ఇందులో మనిషి ఎంత, యంత్రం ఎంత అని శాతాలు చెప్పేస్తుంది. పాలలో నీళ్లెన్నో చెప్పే గాజుగొట్టం లాంటిదన్నమాట. ఒక్క వాక్యం కూడా వదలకుండా చదువుతుందని క్లాసు క్లాసుకీ వెళ్లి నేనే చెప్పాను. అది రాగానే మా బడిలో చదువు ఎంత కళకళలాడిందో చెప్పలేను!

ఏ సబ్జెక్టూ గట్టెక్కని చివరి బెంచీ వీరుడొకడికి "నూటికి నూరు శాతం మనిషి" అని వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక వాడికి దేంట్లోనూ వంద రాలేదు. వాళ్ల నాన్న దాన్ని రంగుల్లో ప్రింటు తీయించి, ఫ్రేము కట్టించి, హాల్లో టీవీ పైన పెట్టుకున్నారు. మరో తల్లి గేటు దగ్గర నన్ను నిలదీసింది. "మావాడికి పన్నెండు శాతం యంత్రం వచ్చిందట, మా తోడికోడలి కొడుక్కి మూడేనట. ఇద్దరూ ఒకటే ట్యూషన్‌కి వెళ్తారు కదా సార్, ఇదెక్కడి న్యాయం?" ట్యూషన్ మార్చి చూడమన్నాను.

పిల్లలు మాత్రం తక్కువ తిన్నారా? బాగా రాస్తే అనుమానం వస్తుందని పసిగట్టారు. ఇక చూడండి, పేజీకి మూడు కొట్టివేతలు, ఒక సిరా మరక చొప్పున పోటీలు పడి సాధన! క్లాసు ఫస్టు వచ్చే పిల్ల ఏకంగా తన పేరే తప్పు రాసుకొచ్చింది. అదేమిటమ్మా అంటే, "సేఫ్టీకి సార్" అంది. ఇరవై రెండేళ్లు తప్పులు దిద్దినవాణ్ణి, ఇంత శ్రద్ధగా చేసిన తప్పులు ఎన్నడూ చూడలేదు.

ఇలా అంతా సజావుగా సాగిపోతుండగా ఒకే ఒక్క చిక్కు వచ్చి పడింది. దాని పేరు మూడో బెంచీ అమ్మాయి. పదో తరగతి. ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు, అందుకని ఆ బెంచీ పేరే పిల్లకు స్థిరపడిపోయింది.

నేనిచ్చిన వ్యాసం "నాకు ఇష్టమైన చోటు". ఈ పిల్ల వాళ్లమ్మ దుకాణం గురించి రాసింది. దుకాణమంటే దుకాణమూ కాదు. ఒక పాత కాంప్లెక్సులో మెట్ల కింద, నిటారుగా నిలబడితే తల తగిలే చోట, ఒక కుట్టు మిషను. ఆవిడ కొత్త బట్టలు కుట్టదు. ఉన్నవాటిని పొట్టి చేస్తుంది, వదులు చేస్తుంది. వ్యాసంలో ఒకచోట ఇలా ఉంది: "మా అమ్మ దగ్గరికి వచ్చేవాళ్లు తమ ఒళ్లు మారిందని ఒప్పుకోరు. బట్టే బిగిసిపోయిందంటారు. అమ్మ అవునవునని తలూపి కుట్లు విప్పుతుంది."

సాఫ్ట్‌వేర్ చూసింది. తొంభై ఒక్క శాతం యంత్రం అంది.

ఇరవై రెండో నిబంధన ప్రకారం ఎనభై దాటితే వ్యాసానికి సున్నా. దాంతోపాటు కాండక్ట్ సర్టిఫికెట్‌లో "నిజాయతీ లోపించినది" అని ఒక వాక్యం. నాలుగు నెలల్లో బడి వదిలి వెళ్లే పిల్ల. రేపు ఏ కాలేజీ గడప తొక్కినా ఆ పిల్లకంటే ముందు ఆ వాక్యమే లోపలికి వెళ్లి కూర్చుంటుంది. అయితే మాత్రం, నిబంధన నిబంధనే కదా?

కమిటీ ముందుకు తల్లినీ కూతుర్నీ పిలిపించాం. ఆ తల్లి పని మధ్యలో లేచి వచ్చినట్టుంది, మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది.

"మా ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను సార్. అది రోజంతా నా దగ్గరే ఉంటుంది. ఇది నా మిషను పక్కన కూర్చునే రాసింది. నేను చూశాను," అంది.

"తల్లి సాక్ష్యం చెల్లదమ్మా. ఇరవై ఆరో నిబంధన," అన్నారు సైన్సు మేడమ్.

"మరి ఎవరిది చెల్లుతుంది మేడమ్?"

సరిగ్గా ఇక్కడే నా ముప్పై ఒకటో నిబంధన అక్కరకొచ్చింది. ప్రతిపాదనా నాదే, మాటలూ నావే: అనుమానం వచ్చినప్పుడు విద్యార్థి పాత నోటు పుస్తకాలు తెప్పించి శైలిని పోల్చి చూడవలెను. యంత్రానికి గతం ఉండదు, మనిషికి ఉంటుంది అని ఆ శనివారం నేనంటే అందరూ బల్లలు చరిచారు. ఆ మాట నాకే ఎంతో నచ్చింది.

"పాత పుస్తకాలు వద్దు సార్," అంది అమ్మాయి. అంతసేపటికి అదే మొదటి మాట.

లెక్కల సారు నా వైపు చూసి కనుబొమలెగరేశారు. దొరికిపోయిందని దానర్థం.

"ఎందుకు వద్దు?" అన్నాను.

"వద్దు సార్. సున్నా వేసేయండి, పర్లేదు."

కానీ కన్నతల్లి ఊరుకుంటుందా? "ఎందుకు వేయించుకుంటావే? నీ పుస్తకాలన్నీ దాచాను," అని వెళ్లి, గంటలో ఒక పెద్ద గుడ్డ సంచీ తెచ్చి మా బల్ల మీద పెట్టింది. ఎనిమిదో తరగతి నుంచి అన్ని సబ్జెక్టులూ ఉన్నాయి.

ఇక్కడ పాఠకులకు నా దిద్దుబాటు పద్ధతి చెప్పాలి. వారానికి నూట ఎనభై పుస్తకాలు నా బల్ల మీద పడతాయి. మూడు పేజీలు దాటితే "చాలా బాగుంది". రెండు పేజీలైతే "ఇంకా వివరంగా రాయాలి". ఒకటే అయితే "శ్రద్ధ చాలదు". పేజీకో ఎర్ర టిక్కు. బొటనవేలితో కాగితాలు ఎత్తి చూస్తే చాలు, ఏ మాట రాయాలో చెయ్యే రాసేస్తుంది. ఇన్నేళ్లలో ఒక్క ఫిర్యాదు రాలేదు.

ప్రిన్సిపాల్ మేడమ్ పైనున్న ఎనిమిదో తరగతి భాష పుస్తకం తీసి, "చెట్ల వల్ల లాభాలు" పైకి చదవడం మొదలుపెట్టారు. రెండో పేజీ మధ్యలో ఆగారు. గొంతు సవరించుకుని మళ్లీ చదివారు.

"సార్, మీరు ఇక్కడిదాకా చదివితే ఈ వాక్యం కింద చిన్న గీత గీయండి. నేను ఎవరికీ చెప్పను."

గీత లేదు. పక్కన నా ఎర్ర టిక్కు ఉంది. వ్యాసం చివర "చాలా బాగుంది" అని ఉంది.

మేడమ్ ఇంకో పుస్తకం తీశారు. తొమ్మిదో తరగతి, "నీటి పొదుపు". అందులో నీళ్ల ట్యాంకుకీ కుళాయికీ మధ్య ఇలా ఉంది: "సార్, ఈ వారం అమ్మ కంటికి ఆపరేషన్ అయింది. మిషను నేనే తొక్కుతున్నాను. అందుకని రెండు పేజీలే రాశాను." దాని కింద నా దస్తూరీ, గుండ్రంగా, అందంగా: "ఇంకా వివరంగా రాయాలి."

తల్లి కూతురి వైపు చూసింది. కూతురు నేల వైపు చూసింది. ఈ పిల్ల పాత పుస్తకాలు వద్దన్నది తనను కాపాడుకోవడానికి కాదని నాకప్పటికి అర్థమైంది. నాకు సిగ్గేసింది. ఇలాంటి రచనల్లో అంత సూటిగా ఒప్పుకోవడం పద్ధతి కాదు గానీ, నిజంగానే వేసింది.

మూడో పుస్తకం ఈ సంవత్సరానిది. "సార్, గీత లేకపోయినా ఏం పర్లేదు. రాయడం అలవాటైపోయింది, అంతే."

శైలి కలిసిందా అంటే, అచ్చు గుద్దినట్టు కలిసింది. "ఈ అమ్మాయి రాసిందే, సందేహం లేదు," అన్నారు సైన్సు మేడమ్, ఎన్నడూ లేనంత తొందరగా. సంచీలోంచి తొంగి చూస్తున్న తర్వాతి పుస్తకం సైన్సుది. దాని కిందది లెక్కలది. లెక్కల సారు లేచి, సంచీ మూతి రెండు ముళ్లు వేసి, స్వయంగా ఆ తల్లి చేతికి అందించారు.

అర నిమిషంలో ఏకగ్రీవంగా తీర్పు వచ్చేసింది. సున్నా పోయింది, సర్టిఫికెట్‌లో వాక్యం పోయింది. అదే ఊపులో ముప్పై ఒకటో నిబంధన కూడా పోయింది. విద్యార్థి గతాన్ని తవ్వడం విద్యార్థి గౌరవానికి భంగమని కమిటీ అభిప్రాయపడింది.

దాని ఖాళీలోకి నేనొక కొత్త నిబంధన ప్రతిపాదించాను. రెండే మాటలు: రాయమన్నవాళ్లు చదవాలి. వినడానికి బాగుంది గానీ ఆచరణలో కుదరదన్నారు అందరూ. నూట ఎనభై పుస్తకాలు గుర్తొచ్చి నేనూ గట్టిగా వాదించలేదు. బదులుగా దిద్దే సాఫ్ట్‌వేర్ కూడా తెప్పించాలని తీర్మానించాం. ఇక పిల్లల తరఫున యంత్రం రాస్తుంది, మా తరఫున యంత్రం దిద్దుతుంది. మనుషులం వేళకు ఇంటికి పోతాం. ఇప్పుడైనా ఒప్పుకుంటారా, ఇది ఎంత మేలో?

ఆ సాయంత్రం వరండాలో మూడో బెంచీ అమ్మాయిని ఆపాను. అడక్కుండా ఉండలేకపోయాను.

"అన్ని వ్యాసాల్లోనూ మధ్యలో నాకొక మాట రాశావు కదమ్మా. ఈ ఒక్కదాంట్లో రాయలేదేం?"

ఆ పిల్ల బడి సంచీని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంది.

"ఈసారి సాఫ్ట్‌వేర్ ప్రతి వాక్యమూ చదువుతుందని మీరే చెప్పారు కదా సార్. అందుకే జాగ్రత్తగా రాశాను."