మా ఆవిడ కెమిస్ట్రీ క్లాసులో ముగ్గురు మొద్దులు

మా ఆవిడ లోర్నాకి మంచి గ్రేడు తెప్పించడం కోసం నేను కాలేజీలో చేరి ఫెయిలవ్వాలని కంకణం కట్టుకున్నాను. అప్పుడే నవ్వకండి. ముందు వినండి, నవ్వడానికి బోలెడు టైముంది.

నేను పాల ట్యాంకరు నడుపుతాను. అమెరికాలోని విస్కాన్సిన్‌లో మా జిల్లాలో మనుషులకంటే ఆవులెక్కువ, కాబట్టి నా పనికి ఢోకా లేదు. లోర్నా పశువుల ఆసుపత్రిలో సహాయకురాలు. డాక్టరు ఆవు వెనక నిలబడితే ఈవిడ తోక పట్టుకోవాలి. పేరు డాక్టరుకి, బూట్లమీద పేడ ఈవిడకి.

తోక పట్టుకుని పట్టుకుని నలభయ్యో ఏట ఈవిడకి విసుగొచ్చింది. నేనే డాక్టర్నవుతానంది. పశువైద్య కళాశాలవాళ్ళకి నిరుడే ఫోన్ చేస్తే, "అనుభవం బ్రహ్మాండంగా ఉందమ్మా, కానీ పంతొమ్మిదేళ్ళప్పుడు ఆర్గానిక్ కెమిస్ట్రీలో మీకు సీ మైనస్ వచ్చింది. ఆ కోర్సు మళ్ళీ చదివి 'ఏ' గ్రేడు తెచ్చుకోండి, అప్పుడు చూద్దాం" అన్నారట.

"ఆర్గానిక్ అంటే ఎరువులు వెయ్యకుండా పండించే కెమిస్ట్రీయా?" అన్నాను భోజనాల దగ్గర.

"కాదు. ఇలాంటి ప్రశ్నలు వెయ్యకుండా చదివే కెమిస్ట్రీ" అంది.

ఆ తర్వాత కాసేపు బంగాళాదుంపల్ని ఫోర్కుతో అటూ ఇటూ దొర్లించింది. "ఈ ఏడు 'ఏ' రాకపోతే ఇక వాళ్ళని అడగను వెండెల్. రిటైరయ్యేదాకా తోకే పట్టుకుంటాను" అంది. మా ఆవిడ అంత చిన్న గొంతుతో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"అంత కష్టమా 'ఏ' తెచ్చుకోవడం?"

"కష్టం కాదు, అదృష్టం. ఆ ప్రొఫెసరమ్మ కర్వ్ వేస్తుందట. మనకెన్ని మార్కులొచ్చాయని చూడదు. క్లాసులో మిగతావాళ్ళకంటే ఎంత పైన ఉన్నామని చూస్తుంది. తెలివైన కుర్రకారు నిండిపోయారంటే నేను మునిగినట్టే. అదే ఓ ముగ్గురు నలుగురు మొద్దులు చేరారనుకో..." అని నిట్టూర్చి గిన్నెలు తీసుకుని వెళ్ళిపోయింది.

నా బుర్రలో దీపం వెలిగింది. మొద్దులా! మొద్దులకి మా ఊళ్ళో కరువా? నాకు తెలిసినవాళ్ళే ఇద్దరున్నారు, నాతో కలిపి ముగ్గురు.

ప్రతి మంగళవారం నాతో బౌలింగు, అంటే బంతి దొర్లించి కొయ్య సీసాల్ని పడగొట్టే ఆట, ఆడే డ్వేన్, లైల్. మా జట్టు పేరు 'గాడి తప్పిన వీరులు'. మేం దొర్లించిన బంతి సీసాల దాకా వెళ్ళిన రోజులు తక్కువ. డ్వేన్ టైర్లు మారుస్తాడు. లైల్ చీజ్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, చేసేదానికంటే తినేది ఎక్కువని యజమాని అనుమానం. మేం ముగ్గురం కుర్రతనంలో పాడిపరిశ్రమ కోర్సులో ఒక ఏడాది వెలగబెట్టి, మామూలు కెమిస్ట్రీ ఎలాగో గట్టెక్కి, ఆ పైన కాలేజీకి దణ్ణం పెట్టేసినవాళ్ళం. ఆర్గానిక్‌లో చేరడానికి ఆ అర్హత చాలు.

"ఏం చెయ్యాలంటావు?" అన్నాడు డ్వేన్.

"ఏమీ చెయ్యక్కర్లేదురా. మంగళవారం బౌలింగు మానేసి క్లాసుకొచ్చి కూర్చో. పరీక్ష రాయి. ఫెయిలవు."

"అంతేనా? ఇన్నాళ్ళూ ఇది ఊరికే చేశానే" అన్నాడు లైల్.

పడవ కొనుక్కుందామని దాచుకున్న డబ్బు ఫీజులకి పోసాను. పైగా చలికాలమంతా వాళ్ళిద్దరి వాకిళ్ళలో మంచు నేనే ఎత్తిపోస్తానని మాటిచ్చాను.

లోర్నాతో మాత్రం, "నువ్వొక్కదానివే సాయంత్రంపూట అంతదూరం ఏం వెళ్తావు, తోడుగా నేనూ చేరాను. మనవాళ్ళు కూడా సరదాపడ్డారు" అన్నాను.

"అలాగా, మంచిదే" అంది.

పెళ్ళయ్యాక నేనేదైనా చెబితే ఎదురు వాదించకుండా ఒప్పుకున్నది అదే మొదటిసారి. బుద్ధున్నవాడికైతే అక్కడే అనుమానం వచ్చేది.

ప్రొఫెసరమ్మ పేరు డాక్టర్ హాల్వర్సన్. పొట్టి మనిషి, గట్టి గొంతు. మొదటి పరీక్షలో నూటికి నాకు నాలుగొచ్చాయి. డ్వేన్‌కి ఏడు. లైల్‌కి మూడు, అవీ పేరు తప్పుల్లేకుండా రాసినందుకు. మేం ముగ్గురం వెనక బెంచీలో ఒకరి వీపు ఒకరు తట్టుకున్నాం.

క్లాసయ్యాక ఆవిడ మమ్మల్ని ఉండమంది. తిడుతుందనుకున్నాం. చూస్తే కళ్ళలో నీళ్ళు.

"పగలంతా ఒళ్ళు హూనం చేసుకుని, ఈ వయసులో, నాలుగు మార్కులొచ్చినా నవ్వుతూ మళ్ళీ వచ్చి కూర్చుంటున్నారు! మీలాంటివాళ్ళ కోసమే నేనీ ఉద్యోగంలోకి వచ్చింది. మిమ్మల్ని నేను వదిలిపెట్టను" అంది.

"వదిలిపెట్టినా ఏమనుకోం మేడమ్" అన్నాను.

ఆవిడ వినిపించుకోలేదు. క్లాసులో అందరికంటే బాగా చదువుతున్న మనిషిని పిలిచి మాకు పాఠాలు చెప్పే పని అప్పగించింది. ఆ మనిషి మా ఆవిడ. ముహూర్తం ఆదివారం మధ్యాహ్నం, సరిగ్గా ఫుట్‌బాల్ ఆట వేళకి.

ఆ చలికాలం మా ఊరి జట్టు గెలిచిందో ఓడిందో నాకు తెలియదు. ప్రతి ఆదివారం మా వంటింటి బల్లచుట్టూ ముగ్గురం చేతులు కట్టుకుని కూర్చునేవాళ్ళం. లోర్నా చీజ్ ముక్కలకి పళ్ళపుల్లలు గుచ్చి అణువుల బొమ్మలు చేసి చూపించేది. పసుపు ముక్క కార్బన్, తెల్లముక్క హైడ్రోజన్.

"ఇది ప్రొపేన్. ఇందులో కార్బన్లు ఎన్నున్నాయి లైల్?"

"ఒకటి" అన్నాడు లైల్, నములుతూ.

"ఇందాక మూడుండాలే!"

"ఇందాక ఉన్నాయి."

ప్రొపేన్ కాస్తా మీథేనై కూర్చుంది. మిగిలిన ఆ ఒక్క కార్బనూ బల్ల అంచుకి రాగానే మా కుక్క వాఫుల్ ఎగిరి పట్టేసింది. ఆ రోజుకి పాఠం అక్కడితో ఆగింది.

నాకేమో లోలోపల బెంగ. ఈ మొద్దులకి చెబుతూ కూర్చుంటే ఈవిడ ఎప్పుడు చదువుకుంటుంది? సాయం చెయ్యబోయి నెత్తిన బండ పెట్టానా అనిపించింది.

అసలు ముప్పు ఇంకోవైపునించి వచ్చింది. ఒక ఆదివారం డ్వేన్ ఉన్నట్టుండి "ఓహో!" అన్నాడు. వాడి ముఖం చూసి భయమేసింది. వాడికి కెమిస్ట్రీ అర్థమైపోయింది. ఆ తర్వాతి పరీక్షలో వాడికి ఎనభై ఒకటి.

బయటికి లాక్కెళ్ళి నిలదీశాను. "ఒరేయ్, మన ఒప్పందం ఏమిటి? నువ్వు చేస్తున్నదేమిటి?"

"నేనేం చెయ్యన్రా, చూడగానే తెలిసిపోతోంది. నా జన్మలో ఎనభై దాటింది లేదు, బౌలింగులో కూడా. మా అమ్మ ఫోన్లో ఏడ్చేసింది తెలుసా?"

"సగటు పెరిగిపోతుందిరా! లోర్నా గతి ఏం కాను?"

"ఈసారికి నీ మంచు నువ్వే తోసుకో. నా వాకిలి నేను చూసుకుంటా" అని వెళ్ళిపోయాడు.

పెద్ద పరీక్ష ముందు శుక్రవారం వాడికి చదవడానికి సందివ్వకూడదని ఊళ్ళో హోటల్లో చేపల విందుకి లాక్కెళ్ళాను. బీరు నేనే పోయించాను. గంట గడిచేసరికి వాడు వేయించిన బంగాళాదుంప ముక్కల్ని బల్లమీద పేర్చి ఆల్కహాలు అణువు ఎలా ఉంటుందో హోటలంతటికీ చెబుతున్నాడు. తాగుతున్నది ఏమిటో తెలిసినందుకు జనం చప్పట్లు కొట్టారు. వడ్డన చేసే డోరీన్ అయితే, "మీ ఇంట్లో ఆదివారం క్లాసుకి నేనూ రావచ్చా?" అంది. వచ్చింది కూడా. వచ్చేటప్పుడు ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చిన తీపి రొట్టె తెచ్చింది కాబట్టి లైల్ పొమ్మననివ్వలేదు.

ఈలోగా లైల్‌కి కూడా యాభైలు రావడం మొదలైంది. ఇక మిగిలింది నేనొక్కణ్ణే. వాళ్ళు పెంచేసిన సగటుని నా ఒక్కడి భుజాలమీద కిందికి లాగాలి. నాలుగో అయిదో వస్తే చాలదు, నిఖార్సయిన సున్నా రావాలి.

పరీక్షలో నలభై ప్రశ్నలు. ఒక్కోదానికి నాలుగు జవాబులు, వాటిలో ఒకటే ఒప్పు. అదేదో తెలియక టిక్కు పెడితే పొరపాటున ఒప్పు తగిలే ప్రమాదముంది. కాబట్టి చదివాను. పాల డెయిరీల్లో ట్యాంకరు నిండేదాకా చదివాను, ఆవుల మధ్య నిలబడి పైకి వల్లించాను. ఫెయిలవడానికి అంత కష్టపడి చదివినవాడు విస్కాన్సిన్ చరిత్రలో ఇంకొకడుండడు.

సున్నా వచ్చింది. ఆనందం పట్టలేకపోయాను.

మర్నాడు ప్రొఫెసరమ్మ తన గదికి రమ్మంది. వెళ్తే అక్కడ లోర్నా కూడా కూర్చుని ఉంది.

"వెండెల్, మీ కుక్క కళ్ళు మూసుకుని పంజా వేసినా ఇందులో ఓ పది ఒప్పవుతాయి. నలభైకి నలభై తప్పు రాయాలంటే నలభై ఒప్పులూ తెలిసుండాలి. ఎందుకిలా చేశారు?" అంది ప్రొఫెసరమ్మ.

గత్యంతరం లేక మొత్తం కక్కేశాను. లోర్నా 'ఏ' గ్రేడు, డాక్టరు చదువు, మొద్దుల పథకం, మంచు ఎత్తిపోత, అంతా. "తప్పంతా నాదే మేడమ్. ఆవిడకేం తెలియదు. కర్వ్ కోసం చేశాను, ఆవిడ గ్రేడు మాత్రం తగ్గించకండి" అని చేతులు జోడించాను.

"ఏ కర్వ్?" అంది ప్రొఫెసరమ్మ.

"మీరు వేసే కర్వ్."

"నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి కర్వ్ వేసిన పాపాన పోలేదు. తొంభై దాటితే 'ఏ'. దాటకపోతే లేదు. పక్కవాడు ఏడిస్తే నాకేం, నవ్వితే నాకేం?"

నేను మెల్లగా మా ఆవిడ వైపు తిరిగాను. ఆవిడ గోడమీది మూలకాల పట్టికని మహా శ్రద్ధగా చదువుకుంటోంది.

కారెక్కగానే, "కర్వ్ లేదా?" అన్నాను.

"లేదు."

"మరెందుకు చెప్పావు?"

"పదిమంది చేరకపోతే ఆ క్లాసు రద్దు చేస్తారు. నిరుడు రెండుసార్లు పేరిచ్చాను, రెండుసార్లూ రద్దయింది. ఈసారీ ఏడుగురమే ఉన్నాం. ఈ జిల్లాలో మామూలు కెమిస్ట్రీ గట్టెక్కి, మంగళవారం సాయంత్రం పనికొచ్చే పనేదీ లేనివాళ్ళు మీరు ముగ్గురే."

"రద్దయిందని నాకు చెప్పలేదేం? ఒక్క మాట అడిగితే వచ్చి కూర్చోనా?"

"అడిగాను. నిరుడు మార్చిలో. టీవీ చూస్తూ 'మంగళవారం బౌలింగు కదా' అన్నావు. ఆ రోజు ఆసుపత్రి కొట్టంలో ఒక దూడ పక్కన కూర్చుని ఏడ్చాను."

అడిగిన సంగతే నాకు గుర్తులేదు. అదే ఎక్కువ బాధేసింది.

"సాయం చెయ్యమంటే నీకు సవాలక్ష పనులుంటాయి. కుట్ర ఉందంటే మాత్రం చెప్పులు కూడా తొడుక్కోకుండా పరిగెత్తుకొస్తావు. అందుకని కుట్ర ఇచ్చాను" అంది.

"మరి మాకు పాఠాలు చెబుతూ నీ చదువు పాడుచేసుకున్నావు కదా?"

"పాడవడమా? మీ ముగ్గురికీ అర్థమయ్యేలా చెప్పానంటే నాకింక రానిదేముంది?" అని నవ్వి, కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఒక సంగతి. నలభై తప్పులు అంత పద్ధతిగా రాసిన మనిషి నువ్వనుకునేంత మొద్దేమీ కాదు" అంది.

ఆఖరి పరీక్ష నేను బుద్ధిగా రాశాను. కానీ వెనకటి నాలుగులూ సున్నాలూ ఎక్కడికి పోతాయి? కోర్సు మొత్తానికి ఫెయిల్. డ్వేన్‌కి బీ. లైల్ బొటాబొటీగా పాసయ్యాడు. చేరకుండానే చదివిన డోరీన్, ఈసారి డబ్బు కట్టి చేరతానంటోంది. లోర్నాకి తొంభై ఆరు. ప్రొఫెసరమ్మ ఆవిడని గట్టిగా కావలించుకుంది. నేనైతే ఊరు ఊరంతా ట్యాంకరు హారన్ కొట్టుకుంటూ తిరిగాను.

పశువైద్య కళాశాలవాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచారు. తలుపు సందులోంచి నాకు కాస్త కాస్త వినిపించింది. మొండి జంతువుల్ని దారికి తెచ్చిన అనుభవం ఏదైనా ఉందా అని అడిగారు. లోర్నా ఏం చెప్పిందో వినబడలేదు, చాలాసేపు చెప్పింది. లోపల మాత్రం అందరూ పగలబడి నవ్వారు. సీటిచ్చారు.

ఆ సాయంత్రం లోర్నా గిన్నెలు కడుగుతూ వెనక్కి తిరక్కుండానే అంది, "డాక్టర్ హాల్వర్సన్ ఫోన్ చేసింది. వచ్చే టర్ములో ఆ క్లాసు మళ్ళీ నిండలేదట. రద్దయ్యేలా ఉంది. పాపం, ఎవరి చదువు ఆగిపోతుందో."

"ఎంతమంది తక్కువ?"

"ఒక్కడు."

ఆవిడ భుజాలు కదులుతున్నాయి. గిన్నెలు తోముతోందో నవ్వాపుకుంటోందో తెలియలేదు. నిజమేనా అని అడగబోయి మానేశాను. కోటు తొడుక్కుని వెళ్ళి పేరు రాయించుకున్నాను.